బిడ్డతో కలిసి అడుగు: ఇంట్లోంచి పోయి, మళ్ళీ ఇంటికే వచ్చిన విద్య



పోయినసారి మన బెంగళూరు చెరువుల గురించి రాసింది చాలామంది ఓపిగ్గా చదివినారు. ఈసారి విషయం వేరే. డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ అనే మాట ఈమధ్య మన ఊర్లో తరచుగా వినబడుతోంది. నాట్య చికిత్స అనుకోండి, కదలిక చికిత్స అనుకోండి. తల్లిదండ్రులూ పిల్లలూ ఒకే గదిలో చేరతారు. శిక్షణ పొందిన మనిషి ఒకరు దగ్గరుండి నడిపిస్తారు. కలిసి ఊగడం, దొర్లడం, ఒకరు చేసింది చూసి ఇంకొకరు చేయడం, వీపుకు వీపు ఆనించి కూర్చోవడం, ఇట్లాంటివి చేయిస్తారు. దీంతో తల్లీబిడ్డల మధ్య, తండ్రీబిడ్డల మధ్య బంధం గట్టిపడుతుందని చెప్తారు.

దీన్ని మన ఉగాది కార్యక్రమంలో ఒక అరగంట పెడదామని చిన్నవాళ్ళు కొందరు అడిగినారు. "ఇదేదో అమెరికా నుంచి దిగిన కొత్త వేషం, మనకెందుకు" అని పెద్దవాళ్ళు కొందరు అన్నారు. రెండు పక్కలా సగం నిజం ఉంది. పేరు అమెరికాదే. పని మాత్రం మన ఇండ్లల్లో జరిగిందే. నడుమ ఏం జరిగింది, ఇంట్లో ఉన్నది ఎందుకు పోయింది, ఎట్లా తిరిగొచ్చింది అన్నదే ఈ వ్యాసం. చరిత్ర తెలిస్తే నిర్ణయం తీసుకోవడం సులువు అని మా నమ్మకం.

మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, వీధిలో కన్నడం. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరినాక గూడూరు, రేణిగుంట స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కొని నేర్చుకున్నవి. అందుకని ఈ విషయంలో మాకు మొదట గుర్తొచ్చేది తమిళ పాఠమే.

తమిళంలో పిళ్ళైత్తమిళ్ అని ఒక రకం కావ్యం ఉంది. దేవుణ్ణో, రాజునో, గురువునో చంటిబిడ్డగా ఊహించి పాడేది. అందులో బిడ్డ ఎదుగుదలను పది దశలుగా విడగొడతారు. వాటిని పరువాలు అంటారు. అయిదో నెలలో చెంగీరై: బిడ్డ చేతులు నేలకు ఆనించి తల ఎత్తి ఊగే వయసు. తొమ్మిదో నెలలో చప్పాణి: చప్పట్లు కొట్టే వయసు. పదకొండో నెలలో ముత్తం: ముద్దు అడిగే వయసు. పదమూడో నెలలో వారానై: తప్పటడుగులు వేసే బిడ్డను "రా రా" అని చేతులు చాపి పిలిచే వయసు. ఆ తర్వాత చందమామను చూపించి పిలవడం. పరీక్షకు ఈ పేర్లు బట్టీ పట్టినప్పుడు మాకు ఇది వట్టి సాహిత్యమే అనిపించేది. ఇప్పుడు చూస్తే వేరేగా కనబడుతోంది. ఏ నెలలో బిడ్డ ఒళ్ళు ఎట్లా కదులుతుంది, ఆ కదలికకు పెద్దవాళ్ళు ఎట్లా బదులివ్వాలి అన్నది వందల ఏండ్ల కిందటే వరసపెట్టి రాసిపెట్టినారు. ఊగితే ఊగమని పాడటం, చప్పట్లు కొడితే కొట్టమని పాడటం, అడుగు వేస్తే చేతులు చాపడం. ఈనాటి చికిత్సకు మూలసూత్రం ఇదే: బిడ్డ కదలికను ముందు చూడు, తర్వాత దానికి బదులివ్వు.

మన తెలుగు ఇండ్లల్లో ఇది కావ్యంగా కంటే పనిగా ఉండింది. చంటిబిడ్డ స్నానం గుర్తు తెచ్చుకోండి. అవ్వ పీట మీద కూర్చొని కాళ్ళు చాపేది. బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండి పెట్టి రుద్ది, కుడిచేతిని ఎడమకాలితో, ఎడమచేతిని కుడికాలితో కలిపి మడిచి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి ఉయ్యాల్లో వేసేది. అంతసేపూ మాటలు, పాటలు. కొంచెం పెద్దయితే తారంగం ఆడించడం, కాళ్ళమీద కూర్చోబెట్టుకొని ఊపడం, వీపు మీద ఎక్కించుకొని ఏనుగాట. ఇంకొంచెం పెద్దయితే కాళ్ళాగజ్జా, గుడుగుడుకుంచం, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప. ఇవన్నీ ఎదురెదురుగా కూర్చొనో, చేతులు పట్టుకొనో ఆడేవే. ఒకరి చెయ్యి తగలకుండా, ఒకరి కళ్ళలోకి చూడకుండా ఆడే ఆట వీటిలో ఒక్కటి కూడా లేదు.

పెద్ద పిల్లలకు పండుగలు ఉండేవి. తెలంగాణలో బతుకమ్మ చూడండి. పెళ్ళయిన కూతురు పుట్టింటికి వస్తుంది. తల్లి, కూతురు, మనవరాలు ఒకే వలయంలో వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతారు. వలయంలో పై వరస, కింది వరస ఉండదు. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. మన బెంగళూరులోనూ తెలంగాణ వాళ్ళు ఉన్నచోట ఆడుతున్నారు. కోస్తాలో సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ ఆడపిల్లల ఆట. మన చిత్తూరు, అనంతపురం పల్లెల్లో మగవాళ్ళకు చెక్కభజన, కోలాటం. నాయన చేతిలో చెక్కలు, పక్కనే కొడుకు చేతిలో చెక్కలు. అడుగు తప్పితే నాయన నోటితో చెప్పడు, తన అడుగు కొంచెం గట్టిగా వేస్తాడు. కొడుకు అందుకుంటాడు.

ఇవి అందరి ఇండ్లవి. నాట్యమే వృత్తిగా బతికిన ఇండ్ల కథ ఇంకా లోతైనది, బాధ కూడా కలిసినది.

మన ఊరి పేరు ఇంటిపేరుగా మోసిన బెంగళూరు నాగరత్నమ్మ 1878లో పుట్టింది. దేవదాసీల ఇంటి బిడ్డ. తల్లి పుట్టలక్ష్మి దగ్గరుండి కూతురికి చదువు, సంగీతం, నాట్యం నేర్పించింది. ఆ కూతురే పెద్దయి ముద్దుపళని రాసిన తెలుగు కావ్యం రాధికా సాంత్వనమును 1910లో అచ్చు వేయించింది. తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించి 1952లో కన్నుమూసింది. ఆ ఇండ్లల్లో విద్య అమ్మ నుంచి కూతురికి, అవ్వ నుంచి మనవరాలికి వచ్చేది. చెన్నపట్నంలో వీణ ధనమ్మాళ్ ఇల్లు అట్లాంటిదే. ధనమ్మాళ్ మనవరాలు బాలసరస్వతి నాట్యం చేస్తుంటే తల్లి జయమ్మాళ్ పక్కన నిలబడి పాడేది. కూతురి ఒళ్ళు ఎక్కడ నిదానిస్తుందో, ఎక్కడ విరుస్తుందో తల్లి గొంతుకు తెలుసు. తల్లి గొంతు ఎక్కడికి పోతుందో కూతురి చేతికి తెలుసు. బాలసరస్వతి తర్వాత ఆమె కూతురు లక్ష్మి కూడా ఆ నాట్యాన్నే కొనసాగించింది.

కృష్ణా జిల్లా కూచిపూడిలో ఇదే పని నాయన నుంచి కొడుక్కి జరిగింది. చాలాకాలం ఆ అగ్రహారం మగపిల్లలకే ఆట నేర్పినారు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవాళ్ళు. సత్యభామ వేషంతో వేదాంతం సత్యనారాయణ శర్మ ఎంత పేరు తెచ్చుకున్నారో మన తరం వాళ్ళకు చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పాత ఇండ్లల్లో అంతా బాగుండేది అని మేము చెప్పడం లేదు. దేవదాసీ ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు "నాకు ఈ బతుకు వద్దు" అనే దారి లేదు. ఆ బిడ్డల బతుకు డబ్బున్న మగవాళ్ళ చేతుల్లో ఉండేది. కూచిపూడిలో ఆడపిల్లకు గజ్జె లేదు. అందుకే మార్పు అవసరమైంది. 1909లో మైసూరు సంస్థానం గుళ్ళలో దేవదాసీ సేవను ఆపింది. మద్రాసు రాష్ట్రంలో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ఏండ్ల తరబడి పోరాడినారు. ఆమె తల్లి కూడా అట్లాంటి ఇంటి నుంచి వచ్చినావిడే. 1947లో చట్టం వచ్చింది. నాగరత్నమ్మ లాంటి వాళ్ళు ఆ చట్టాన్ని వ్యతిరేకించినారు. మా విద్య, మా ఆస్తి, మా మర్యాద ఏమవుతాయని వాళ్ళ బాధ. చట్టం బిడ్డలను కాపాడింది. దాంతోపాటే నాట్యం చేసే ఇల్లు అంటేనే సిగ్గుపడే రోజులు వచ్చినాయి. తల్లులు తమ విద్యను కూతుళ్ళకు చూపించకుండా దాచుకున్న ఇండ్లు ఎన్నో.

అదే సమయంలో నాట్యం బడికి చేరింది. 1936లో రుక్మిణీదేవి అరుండేల్ అడయారులో కళాక్షేత్ర మొదలుపెట్టినారు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టినారు. ఏ ఇంట్లో పుట్టిన పిల్లకైనా, పిల్లవాడికైనా ఫీజు కట్టి నాట్యం నేర్చుకునే వీలు వచ్చింది. ఇది చిన్న లాభం కాదు. మన సంఘంలో ఎంతమంది ఆడపిల్లలు అరంగేట్రం చేసినారో లెక్కపెట్టుకుంటే దాని విలువ తెలుస్తుంది.

కానీ ఒకటి మారింది. బడిలో గురువు లోపల, బిడ్డ లోపల, తల్లి బయట. చెప్పుల దగ్గర కుర్చీలో కూర్చుని గంట అయ్యేదాకా ఎదురుచూడటం తల్లి పని అయింది. తండ్రి పని బండి మీద దింపి రావడం, ఫీజు కట్టడం. నాట్యం బిడ్డకు వచ్చింది, తల్లీబిడ్డల మధ్య నుంచి పోయింది. తమ ఇంటి విద్యను ఇంట్లోనే నిలుపుకున్నవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు. మన బెంగళూరులోనే కూచిపూడి గురువు వైజయంతి కాశి, ఆమె కూతురు ప్రతీక్ష ఉన్నారు. ఢిల్లీలో రాజారెడ్డి, రాధారెడ్డి, వాళ్ళ కూతుళ్ళు యామిని, భావన ఉన్నారు. అయితే అది కళాకారుల ఇండ్ల సంగతి. మామూలు ఇంట్లో తారంగం, చెమ్మచెక్క కూడా మెల్లగా తగ్గినాయి. అవ్వ ఊర్లో, బిడ్డ ఫ్లాట్‌లో. స్నానం చేయించడానికి మనిషిని పెట్టుకునే రోజులు.

ఇప్పుడు సముద్రం దాటి చూద్దాం. అక్కడ నాట్యం ఆసుపత్రి గుమ్మం తొక్కింది.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో మరియన్ చేస్ అనే నాట్యకత్తె పాఠాలు చెప్పేది. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరికి స్టేజీ ఎక్కాలనే కోరిక లేదు, కదిలితే మనసు తేలికపడుతుందని వచ్చేవాళ్ళు. ఇది డాక్టర్ల చెవిన పడింది. 1942లో సెయింట్ ఎలిజబెత్స్ అనే మానసిక ఆసుపత్రి ఆమెను పిలిచింది. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. మాట పడిపోయిన, ఎవరితోనూ కలవని రోగుల ఎదుట ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. వాళ్ళు చెయ్యి ఎట్లా ఊపితే తానూ అట్లా ఊపింది. ముందు వాళ్ళ కదలికలో తాను చేరింది, తర్వాత వాళ్ళను తన కదలికలోకి రమ్మంది. 1966లో అమెరికన్ డాన్స్ థెరపీ సంఘం ఏర్పడినప్పుడు ఆమే మొదటి అధ్యక్షురాలు.

తల్లీబిడ్డల దగ్గరికి దీన్ని తెచ్చిన వాళ్ళలో జూడిత్ కెస్టెన్‌బర్గ్ పేరు ముందు చెప్పాలి. 1910లో పోలండులో పుట్టి, వియన్నాలో వైద్యం చదివి, 1937లో న్యూయార్క్ చేరిన డాక్టరు. చంటిబిడ్డలను ఏండ్ల తరబడి గమనిస్తూ వాళ్ళ ఒంటిలోని లయలను గీతలుగా కాగితం మీద గీసుకునేది. పాలు తాగే వయసులో చప్పరించే లయ ఒకటి, మెత్తగా సాగేది. పళ్ళు వచ్చే వయసులో కొరికే లయ ఇంకొకటి, తట్టడం, చప్పట్లు కొట్టడం దాంట్లోవే. తొమ్మిదో నెల చప్పాణి ఇక్కడ మాకు వెంటనే గుర్తొచ్చింది! బిడ్డ లయ ఒకటి, తల్లి లయ ఇంకొకటి అయినప్పుడు ఇద్దరికీ చిరాకు. తల్లి వేగం మనిషి, బిడ్డ నిదానం. లేదా తల్లి నిదానం, బిడ్డ గంతులేసే రకం. ఇది ఎవరి తప్పూ కాదు, రెండు లయలు కలవలేదు అంతే. కలపడం నేర్చుకోవచ్చు అన్నది ఆమె చెప్పిన మాట. ఆమె తన తోటివాళ్ళతో కలిసి తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి వచ్చే కేంద్రాన్ని కూడా నడిపింది.

ఇంగ్లండులో వెరోనికా షెర్బోర్న్ అనే టీచరమ్మ ఇంకో దారి పట్టింది. కదలికను శాస్త్రంగా మలిచిన రుడాల్ఫ్ లాబన్ దగ్గర చదువుకున్నావిడ. ఎదుగుదల తక్కువైన పిల్లలతో పనిచేసింది. ఆమె ఆటలను మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. ఒకటి, ఒకరు ఇంకొకరిని మోసేది: పెద్దవాళ్ళు కాళ్ళు చాపి కూర్చొని బిడ్డను ఒడిలో ఊయల ఊపడం. రెండు, ఒకరి బరువును ఇంకొకరు పంచుకునేది: చేతులు పట్టుకొని ఇద్దరూ వెనక్కి వాలి నిలబడటం. మూడు, ఒకరికి ఎదురు ఇంకొకరు బలం చూపేది: వీపుకు వీపు ఆనించి నెట్టుకోవడం. పెద్దవాడు బలాన్ని తగ్గించుకొని, బిడ్డకు గెలిచే వీలు ఇస్తూ, అయినా ఉత్తిగా పడిపోకుండా నెట్టాలి. షెర్బోర్న్ 1990లో చనిపోయినారు. ఆ పద్ధతి ఆమె పేరుతోనే ఇప్పటికీ నడుస్తోంది.

ఫ్రాన్సు డాక్టరు ఫ్రెడెరిక్ లెబోయే కథ మనకు ఇంకా దగ్గర. ఆయన కోల్‌కతాలో వీధి పక్కన కాళ్ళు చాపి కూర్చొని బిడ్డకు నూనె రాస్తున్న ఒక పేద తల్లిని చూసినారు. రోజూ పోయి చూసి, ఫోటోలు తీసి, 1976లో పుస్తకం వేసినారు. దానికి ఆ తల్లి పేరే పెట్టినారు: శాంతల. మన కన్నడదేశంలో ఆ పేరు వినని వాళ్ళుండరు. నాట్యంలో ఆరితేరిందని చెప్పుకునే హొయసల రాణి పేరు. మన అవ్వలు రోజూ చేసిన పని ఆ పుస్తకంతో యూరపులో, అమెరికాలో పాఠం అయింది. పాతికేండ్ల తర్వాత మన నగరాల్లో కొత్త తల్లులు అదే పాఠం ఫీజు కట్టి నేర్చుకోవడం మొదలైంది. దీన్ని చూసి నవ్వుకోవచ్చు. మాకు మాత్రం సంతోషంగానే ఉంది. పోయిన సామాను ఎవరి చేత తిరిగొచ్చినా మన సామానే కదా.

ఇది వట్టి నమ్మకమేనా, పరీక్షించి చూసినారా అని అడిగేవాళ్ళకు రెండు పరిశోధనలు చెప్తాము. 1970ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే ఆయన తల్లులను బిడ్డ ఎదుట కూర్చోబెట్టి, ముందు మామూలుగా ఆడించమన్నారు. తర్వాత కొద్దిసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా బొమ్మలా ఉండమన్నారు. నెలల బిడ్డలే, అయినా వెంటనే పసిగట్టినారు. నవ్వి చూసినారు, చేతులు చాపినారు. అయినా తల్లి బదులివ్వకపోతే ముఖం తిప్పేసుకున్నారు, కలతపడినారు. తల్లి ఎదుటే ఉంది, కానీ లేదు. ఇంకొకటి 2014లో కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగింది. పద్నాలుగు నెలల బిడ్డలను ఒకరు ఎత్తుకొని పాటకు తగ్గట్టు ఎగరేసినారు. ఎదురుగా ఇంకొకావిడ కొందరి ముందు అదే లయలో ఎగిరింది, కొందరి ముందు లయ తప్పించి ఎగిరింది. తర్వాత ఆవిడ చేతిలో వస్తువులు జారవిడిచింది. తనతో లయ కలిపిన మనిషికి ఆ బిడ్డలు ఎక్కువగా అందించినారు. కలిసి కదలడం వల్ల "ఈ మనిషి నా మనిషి" అనే భావం మాటలు రాని వయసులోనే కలుగుతుందని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇక మన దేశం. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచినారు. రోగిని అప్పజెప్పి పోవడం కాదు, ఇంటివాళ్ళు కూడా వైద్యంలో భాగం అన్నది ఆయన దారి. మన బెంగళూరు నిమ్హాన్స్ ఆ ఆలోచనను పెంచి పోషించిన చోటు. 1954లో పెట్టిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, పాత మానసిక ఆసుపత్రి కలిసి 1974లో నిమ్హాన్స్ అయినాయి. అక్కడ పిల్లల విభాగంలో బిడ్డను చేర్చుకుంటే తల్లో తండ్రో కూడా ఉండాలి. వైద్యం బిడ్డ ఒక్కరికే జరగదు, ఇద్దరి మధ్యా జరుగుతుంది. నాట్యం బడిలో తల్లి బయట కుర్చీకి చేరితే, ఇక్కడ తల్లి లోపలికి వచ్చింది.

నాట్య చికిత్స మన ఊరికి రావడంలో ముఖ్యమైన పేరు త్రిపుర కశ్యప్. నాట్యం నేర్చుకున్నావిడ. అమెరికాలో మాడిసన్ ఊర్లోని హాంకాక్ సెంటర్‌లో ఈ చికిత్సలో శిక్షణ పొంది వచ్చి, బెంగళూరులో ఏండ్ల తరబడి పనిచేసినారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో, టీచర్లతో మొదలుపెట్టినారు. 2005లో ఆమె రాసిన "మై బాడీ, మై విజ్డమ్" పుస్తకాన్ని పెంగ్విన్ వేసింది. భారతీయ నాట్యంలో ఉన్న ముద్ర, అడుగు, జానపదుల ఆట, వీటిని చికిత్సకు ఎట్లా వాడుకోవచ్చో చెప్పినారు. తర్వాత ఇంకొందరితో కలిసి క్రియేటివ్ మూవ్‌మెంట్ థెరపీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా పెట్టినారు. కోల్‌కతాలో 2004లో సొహిని చక్రవర్తి మొదలుపెట్టిన సన్వేద్ సంస్థ, హింస నుంచి బయటపడ్డ ఆడపిల్లలకు నాట్యం ద్వారా తమ ఒంటిమీద తమకు నమ్మకం కలిగించే పని చేస్తోంది. అంటే దేశంలో ఇది ఇప్పుడు కొత్త వేషం కాదు, ముప్పై ఏండ్లు దాటిన పని.

మరి గదిలో ఏం చేస్తారు? ఉదాహరణకు అద్దం ఆట. తండ్రీ కొడుకూ ఎదురెదురుగా నిలబడతారు. కొడుకు చెయ్యి ఎత్తితే తండ్రి ఎత్తాలి, వంగితే వంగాలి, కప్పలా గెంతితే గెంతాలి. కొంతసేపటికి వంతు మారుతుంది. చూడటానికి పిల్లల ఆట. కానీ ఇంట్లో రోజంతా "పళ్ళు తోముకో, బూట్లు వేసుకో, హోంవర్క్ చెయ్యి" అని తండ్రి చెప్పడం, కొడుకు చెయ్యడం. ఈ అయిదు నిమిషాలు కొడుకు చెప్తాడు, తండ్రి చేస్తాడు. తన మాట చెల్లిన బిడ్డ తర్వాత ఇంకొకరి మాట వినడం సులువు. తండ్రికి కూడా ఒక లాభం ఉంది. కొడుకును అనుకరించాలంటే ముందు కొడుకును చూడాలి. వాడి భుజం ఎందుకు బిగుసుకుపోయింది, వాడు ఎప్పుడు తల దించుకుంటాడు అని కన్ను పట్టుకుంటుంది. మాటల్లో చెప్పనిది ఒంట్లో కనబడుతుంది.

ఇది మనకు ఎందుకు కావాలి అన్నదానికి మన వార్షికోత్సవాలే సాక్ష్యం. పిల్లలు స్టేజీ మీద చక్కగా ఆడుతుంటారు. కింద మొదటి నాలుగు వరసల్లో ముఖాలు కనబడవు, ఎత్తిన ఫోన్లు కనబడతాయి. బిడ్డ అమ్మ కోసం వెతుకుతుంది, ఫోన్ వీపు కనబడుతుంది. వీడియో బాగా వస్తుంది. ట్రానిక్ చూపించిన కదలని ముఖం అదే కదా అని మాకు అనిపిస్తుంది. తల్లిదండ్రులకు ప్రేమ లేక కాదు. ఔటర్ రింగ్ రోడ్డులో రెండు గంటలు ఇరుక్కొని ఇల్లు చేరేసరికి ఒంట్లో శక్తి ఉండదు. మా రైల్వే రోజుల్లో కూడా షిఫ్టు డ్యూటీలతో తండ్రులు పిల్లలకు దొరికేది తక్కువే. అయితే అప్పుడు ఇంట్లో అవ్వ ఉండేది, వీధిలో ఒప్పులకుప్ప ఉండేది. ఇప్పుడు ఆ రెండూ లేవు, కాబట్టి పని అంతా తల్లిదండ్రుల మీదే పడింది.

ఇంకో సంగతి. పాత ఆటల్లో చంటిబిడ్డ పని అంతా ఆడవాళ్ళదే. చెక్కభజనలో నాయన కనబడేది బిడ్డ పెరిగినాకే. ఈ కొత్త పద్ధతిలో తండ్రి మొదటి నుంచి నేల మీద కూర్చోవాలి. పాతదానికంటే ఇది మేలైన చోటు అని మా అభిప్రాయం. అట్లాగే పాతకాలంలో వద్దనే దారి బిడ్డకు లేదు. మంచి చికిత్సకులు మొదట చెప్పేది, బిడ్డ వద్దంటే ఆపేయాలి అని. నాట్యాన్ని ఇంటికి తెచ్చుకుందాం, పాత బలవంతాన్ని మాత్రం తెచ్చుకోవద్దు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఇది మందు కాదు. ఆటిజం నయం చేస్తాము, పది క్లాసుల్లో మాట తెప్పిస్తాము అని ఎవరైనా చెప్తే వాళ్ళ దగ్గర డబ్బు కట్టవద్దు. మాట ఆలస్యమైన బిడ్డనూ, ఎవరితో కలవని బిడ్డనూ ముందు పిల్లల డాక్టరుకు చూపించాలి. నిమ్హాన్స్ మన ఊర్లోనే ఉంది, అది మన అదృష్టం. చికిత్స అనే మాట వాడేవాళ్ళకు శిక్షణ ఎక్కడ జరిగిందో అడగడంలో మొహమాటం వద్దు. మోకాళ్ళ నొప్పులున్న తాతలు, అవ్వలు కుర్చీలో కూర్చొనే చేతులతో అద్దం ఆట ఆడొచ్చు. కడుపుతో ఉన్నవాళ్ళు, వెన్నునొప్పి ఉన్నవాళ్ళు ఎత్తడం, నెట్టడం జోలికి పోవద్దు.

ఇదంతా చదివినాక కమిటీకి మా మనవి ఇది. ఉగాదికి పిల్లల నాట్య పోటీ ఎప్పటిలాగే పెట్టుకుందాం. నేర్చుకున్న పిల్లలకు స్టేజీ కావాలి. దానికి ముందు ఒక అరగంట మాత్రం హాలులో కుర్చీలు పక్కకు జరిపి జంపఖానాలు పరుద్దాం. శిక్షణ పొందిన ఒకరిని పిలుద్దాం. తల్లిదండ్రులు పిల్లలతో నేల మీద కూర్చోవాలి. ఫోన్లు ఒక బుట్టలో వేసి తాతల దగ్గర ఉంచితే భద్రంగా ఉంటాయి, కాపలా మేము కాస్తాము. ప్రైజు లేదు, మార్కులు లేవు, వీడియో లేదు. పెద్దావిడలు ఎవరికైనా తారంగం, కాళ్ళాగజ్జా, గొబ్బి అడుగులు గుర్తుంటే ఆ రోజు ముందు వరస వాళ్ళదే. బతుకమ్మ వలయం తెలిసిన తెలంగాణ అక్కలు చివరి పది నిమిషాలు నడిపించాలని కోరుతున్నాము. అందరూ ఒకే వలయంలో ఉంటే ఎవరు బాగా ఆడినారు అనే ప్రశ్నే రాదు.

మీ ఇంట్లో అవ్వ ఆడించిన ఆట ఏదైనా గుర్తుంటే మాకు చెప్పండి. పేరు మాత్రమే కాదు, చెయ్యి ఎక్కడ పెట్టాలి, కాలు ఎట్లా ఊపాలి, అది కూడా చెప్పండి. మా ఇంటావిడా మేమూ ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాము. అందరివీ అందులో రాసి పెడతాము. ఉగాదినాటికి అది నిండితే బాగుంటుంది.